మూడు రోజులు తక్కువ

జిమ్‌లో ఆఖరి అద్దం తుడుస్తూ, అందులో కనబడుతున్న తనకే మెలెనైతే భిన్నాలు చెబుతోంది.

"కేకు ఒకటే. తినేవాళ్లు నలుగురు. ఒక్కొక్కళ్లకీ ఎంత?"

మెలెనైతే ఆమె పేరు, నలభై ఆరేళ్ల మనిషి. వెడల్పాటి భుజాలు, పగిలిన మడమలు, చెవుల దాకా కత్తిరించిన జుట్టు. నెల క్రితం దాకా ఆ జుట్టు నడుం దాటేది. మేనత్త లుపే పోయినప్పుడు తమ పసిఫిక్ దీవి టోంగావాళ్ల ఆనవాయితీ ప్రకారం తీయించుకుంది. ఆరున్నరకి బకెట్ బోర్లించి, నల్లగౌను వేసుకుని, నడుముకి పెద్ద చిరుగుల చాప చుట్టి తాడు బిగించింది. మేనత్త పోతే మేనకోడలు కట్టుకోవాల్సిన చాప అది. చిరిగే ఉండాలి. దాంతోనే రెండు బస్సులు మారి సిడ్నీ పడమటి శివారులో ఉన్న బడికి చేరింది.

పద్నాలుగేళ్లుగా ఇంకో బడిలో ఆమె టీచర్లకి సహాయకురాలు. అక్షరం ముక్క అంటని పిల్లల్ని తీసుకొచ్చి ఆమె పక్కన కూర్చోబెట్టేవారు, ఏడాది తిరిగేసరికి వాళ్లు చదివేవారు. మెప్పు టీచరుకి, చాకిరీ ఈమెకి. టీచర్ కావాలంటే పీజీ చెయ్యమన్నారు, చేరింది. పౌరసత్వం లేదు కాబట్టి అప్పు ఇవ్వం, ఫీజు ముందే కట్టమన్నారు, కట్టింది. మొదటి ఫీజుకి మేనత్త తన పెళ్లినాటి సన్నచాపలు అమ్మింది. టోంగా ఆడమనిషి ఒంటిమీది బంగారమైనా ఇస్తుంది గాని ఆ చాపలివ్వదు. చివరికి యాభై రోజులు వరసగా బడిలో పాఠాలు చెప్పాలి, పైసా ఇవ్వం, అదీ నువ్వు పనిచేసే బడిలో కుదరదు అన్నారు. జీతం లేని సెలవు పెట్టి, తెల్లారకముందే జిమ్ ఊడుస్తూ అదీ చేస్తోంది. పాఠం చెప్పడం నేర్చుకోవాలంటే పస్తులుండాలని రాసిన మహానుభావులు ఏనాడూ ఒక్క పూట పస్తుండి ఉండరు.

ఇంకో రెండు రోజుల్లో టర్మ్ అయిపోతుంది. గేటు దగ్గరే డిప్యూటీ ప్రిన్సిపాల్ గార్త్ ఎదురొచ్చాడు.

"మెలె, మీ క్లాసు టీచర్ బ్రాంటీకి జ్వరమట. బదులు టీచర్ ఎక్కడా దొరకలేదు. క్లాసు నువ్వు చూసుకో. పక్క గదిలో నేనుంటా. తలుపు తీసే ఉంటుంది కాబట్టి, శిక్షణలో ఉన్నవాళ్లని ఒంటరిగా క్లాసులో వదలకూడదన్న రూలు తప్పినట్టు కాదు."

బదులు టీచరు వచ్చుంటే, మెలెనైతే జిమ్‌లో వారమంతా ఊడ్చి సంపాదించేది ఒక్కరోజులో పట్టుకెళ్లేది. ఆ మాట ఇద్దరికీ తెలుసు.

ఇరవై ఆరుగురు పిల్లలు. అట్టతో చేసిన కేకుని నాలుగు ముక్కలు చేసింది, ఆరు చేసింది, ఎనిమిది చేసింది. టర్మ్ మొదటినుంచీ నోరు విప్పని అర్వా అనే పిల్ల ఎనిమిదో ముక్కని చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది.

"మంది ఎక్కువైతే నా ముక్క చిన్నదవుతుంది మిస్. మా ఇంట్లో రోజూ ఇంతే."

క్లాసంతా గొల్లుమంది. అర్వా కూడా నవ్వింది. మెలెనైతే ఆ పిల్ల చేత అదే మాట బోర్డు మీద అంకెల్లో రాయించింది. తప్పు లేకుండా రాసింది. పక్కగదిలో గార్త్ ఫోన్‌లో ఎవరితోనో సెలవుల గురించి మాట్లాడుకుంటున్నాడు.

మధ్యాహ్నం ఉడికించిన చేమదుంప తింటూ ఉండగా యూనివర్సిటీ నుంచి లినెట్ ఫోన్ చేసింది. శిక్షణ వ్యవహారాలన్నీ చూసేది ఆవిడే.

"మీరు అంత్యక్రియలకి నాలుగు రోజులు తీసుకున్నారు. ఆంటీకి ఒక్కరోజే ఇస్తాం. మూడు రోజులు తక్కువయ్యాయి, మెలెనైతే."

"వచ్చే టర్మ్‌లో మూడు రోజులు వచ్చి చెబుతానండీ."

"వరసగా యాభై ఉండాలి. వచ్చే ఏడాది మళ్లీ మొదటినుంచి చెయ్యాలి. ఫీజు కూడా మళ్లీ." లినెట్ గొంతు కాస్త తగ్గింది. "అసలు మీరు ఫారంలో అమ్మ అని రాసుంటే నేనేం అడిగేదాన్ని కాదు."

"మా అమ్మ బతికే ఉందండీ. పైగా మా ఆచారంలో మేనత్తే పెద్ద, ఆవిడ ముందు మా అమ్మ కూడా కిందే కూర్చునేది. పైన ఉన్నావిణ్ణి కిందికి దించి ఎలా రాస్తాను? ఆ నాలుగు రోజులూ మేం పెరట్లో వంటచెయ్యాలి. మేనకోడలు పొయ్యి దగ్గర లేకపోతే అది చావే కాదు మాకు."

"నాకు అర్థమైంది. కానీ ఫారంలో ఆ గడి లేదు."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి కూడా కాదు, అడ్డం పడింది ఒక గడి. ఏ మేనత్త చాపలమ్మి ఆ గుమ్మం ఎక్కించిందో, ఆ మేనత్త చావే ఆ గుమ్మం దించేసింది. మెలెనైతే మిగిలిన దుంప డబ్బాలో పెట్టి మూత గట్టిగా నొక్కింది, గంట కొట్టగానే క్లాసుకి వెళ్లింది. పిల్లలేం పాపం చేశారు? మధ్యాహ్నం కథ చదివింది, ఒకడి మోకాలికి ప్లాస్టర్ వేసింది, ఇరవై ఆరు నోటుపుస్తకాలూ దిద్ది సంతకం పెట్టింది.

మూడింటికి పిల్లలు వెళ్లిపోయాక గార్త్ గుమ్మంలోకి వచ్చాడు.

"అదరగొట్టావు మెలె! నువ్వు పుట్టు టీచరువి. రేపూ బ్రాంటీ రాదట. చూసుకుంటావుగా?"

"రేపు ఏ లెక్కన రమ్మంటారండీ?"

"అంటే?"

"నలభై ఏడు రోజులు పూర్తయినా చెప్పినట్టు కాదట. రేపొచ్చినా అది లెక్కలోకి రాదు. ఇవాళ పొద్దుటినుంచీ ఈ క్లాసులో టీచరు ఎవరండీ? మీరు చెప్పండి."

గార్త్ తీసి ఉన్న తలుపు వైపు చూశాడు. "రూల్స్ నా చేతిలో లేవు" అన్నాడు.

"అవునండీ. నా చేతిలో ఉన్నది క్లాసొక్కటే. అదీ ఇచ్చేస్తున్నా."

బోర్డు మీద అర్వా రాసినది మాత్రం తుడవలేదు. బల్లలు సర్ది, కిటికీలు వేసి, చాప తాడు ఇంకోసారి బిగించుకుని, ఎవరి మీదా తలుపు విసరకుండా నడిచి వెళ్లిపోయింది. బస్టాండు దాకా తల తిప్పలేదు.

సాయంత్రం ఆఫీసు తాళం వేస్తూ గుమాస్తా కౌంటరు మీద చూసింది. శిక్షణకి వచ్చేవాళ్లు రోజూ మెడలో వేసుకోవాల్సిన కార్డు, నాడా నీటుగా చుట్టి పెట్టి ఉంది. దాని మీద పెద్ద అక్షరాల్లో ఒకటే మాట: సందర్శకురాలు.