ఫ్రిజ్ మీద ఫోను

మా హాల్లో కిటికీ పక్కనున్న బల్లే నా ఆఫీసు. దాని మీద కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోను, కింద కాలు చాపుకోవడానికి బోర్లించిన బకెట్టు. ఇరవై ఆరేళ్ళు లిఫ్టు మెకానిక్‌గా నిచ్చెనలెక్కి దిగాను. చివరికి నా మోకాలు ఇక తన వల్ల కాదనేసింది. కంపెనీవాళ్ళు నన్ను వదిలెయ్యకుండా ఇంట్లో కూర్చుని ఫోన్లు తీసుకోమన్నారు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు ఫోన్ చేస్తే ధైర్యం చెప్పి, దగ్గర్లో ఉన్న మెకానిక్‌ని పంపుతాను. మా జట్టు తొమ్మిది మంది తొమ్మిది ఇళ్ళలో ఉంటాం. అందరూ నన్ను బాబాయ్ అంటారు, ఒక్క గడియారం తప్ప. గడియారం అంటే మా సూపర్‌వైజరు. ఆ పేరు ఆయనకి తెలియదని మా నమ్మకం.

లాప్‌టాప్ తెరిచి పాస్‌వర్డు కొట్టగానే నా ఫోన్‌కి ఒక ప్రశ్న వస్తుంది. "లోపలికి వస్తున్నది మీరేనా?" అని. కింద అవును, కాదు అని రెండు గుండ్రటి బటన్లుంటాయి. మా ఇంట్లో ఫోన్ సిగ్నలు వంటింట్లో ఫ్రిజ్ మీద మాత్రమే నిలుస్తుంది. కాబట్టి ఫోను అక్కడే ఉంటుంది. నేను హాల్లోంచి "ఏమే, నొక్కు" అని కేకేస్తే, మా ఆవిడ తడి చెయ్యి తుడుచుకుని అవును నొక్కేది.

ఆవిడకి ఇది కొత్త కాదు. పాత రోజుల్లో కంపెనీ ఇంటికి ఫోన్ చేసి "మీ ఆయన వస్తాడామ్మా?" అంటే, నేను జ్వరంతో పడుకుని ఉన్నా "వస్తారండీ" అనేది. కంపెనీ అడిగితే మనింట్లో కాదనే మాట ఉండకూడదని నేర్పింది నేనే.

కంపెనీలో కంప్యూటర్ల భద్రత చూసే అమ్మాయి ఒకతె ఉంది. తనూ ఇంటి నుంచే, ఒళ్ళో పసిపిల్లని పెట్టుకుని పనిచేస్తుంది. మూణ్ణెల్లకోసారి అందరినీ వీడియోలో కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్తుంది. పోయినసారి తను చెప్తుంటే నేను బల్ల కింద గోళ్ళు తీసుకుంటున్నాను. "మీరు లాప్‌టాప్ తెరవకుండానే ఫోన్ అడిగితే, కాదు నొక్కి నాకు చెప్పండి" అన్న ముక్క మాత్రం చెవిన పడింది. బుద్ధిగా తలూపాను. కానీ నొక్కేది నేను కాదు కదా. ఆ ముక్క వంటింటిదాకా వెళ్ళలేదు.

ఆ గురువారం మధ్యాహ్నం విరామంలో లాప్‌టాప్ మూసేసి క్షవరానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మా ఆవిడ నా తల చూడకుండానే మొదలుపెట్టింది.

"మీ ఆఫీసుకి ఇవాళ ఏమొచ్చిందండీ? పదకొండు సార్లు అడిగింది మీరేనా, మీరేనా అని."

"నువ్వేం చేశావు?"

"పది సార్లు ఊరుకున్నాను. చిన్నపిల్లలా ఒకటే గోల. పాపం మీకేం అవసరమొచ్చిందో అని అవును నొక్కాను. నోరు మూసుకుంది."

"నేను క్షవరం చేయించుకుంటున్నాను కదే."

"నాకెలా తెలుస్తుంది? ఇంటి నుంచి పని అంటే ఎక్కణ్ణుంచైనా చెయ్యొచ్చని మీరేగా మా తమ్ముడి దగ్గర గొప్పలు పోయారు."

నేను తెరవకుండా ఫోను అడిగిందంటే ఒకటే అర్థం. నా పాస్‌వర్డు ఎవరికో దొరికింది. ఎలా దొరికిందో తర్వాత తెలిసింది. ఎప్పుడో ఫోన్ రీఛార్జి చేసుకున్న ఒక సైటుకీ ఆఫీసుకీ అదే పెట్టాను. ఇంటికీ గేటుకీ ఒకే తాళంచెవి పెట్టుకున్నట్టన్నమాట. సైటు వాళ్ళ దగ్గర అది చోరీ అయింది.

నా లాప్‌టాప్‌లో ఏముంటుందో మీకు చెప్పాలి. మూడొందల పైచిలుకు భవనాలు, వాటి గేట్లు తెరిచే నంబర్లు, లిఫ్టు మిషను గది తాళం ఎక్కడ వేలాడుతుందో, ఏ అంతస్తులో పెద్దవాళ్ళు ఒంటరిగా ఉంటారో, అన్నీ ఉంటాయి. మేం తొందరగా చేరాలని రాసుకున్నవే. దొంగ చేతిలో పడితే వాడికి ఆహ్వాన పత్రాలు.

అయినా దేవుడి మీద ఒట్టు, నాకు మొదట గుర్తొచ్చింది భవనాలు కాదు, తుమ్ములాయన. రోజంతా తుమ్ముతూనే ఫోన్లు తీసుకునే మా జట్టు మనిషి. నిరుడు ఏదో పనికిమాలిన లింకు నొక్కాడని ఉద్యోగం తీసేశారు. అలా అని మేం విన్నాం. యాభై మూడేళ్ళ వయసులో, ఈ మోకాలితో, నన్నింకెవరు పెట్టుకుంటారు?

దొంగెవడో దూరాడని మా ఆవిడకి చెప్పి, గబగబా పాస్‌వర్డు మార్చేశాను. అయిపోయింది, ఎవరికీ చెప్పక్కర్లేదు అనుకున్నాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి నా మొహమే చూస్తోంది. ఇంతలో ఫోనొచ్చింది. ఎవరో బట్టలు కుట్టే ఆవిడ, మూడో అంతస్తుకీ నాలుగుకీ మధ్య లిఫ్టులో ఇరుక్కుంది.

"ఎంతసేపయిందమ్మా?"

"అరగంటండీ. నేనే తలుపు లాగి చూశాను. వేలు నలిగింది."

"లోపల గంట బటను ఉంటుంది కదమ్మా, అది నొక్కాల్సింది."

"నేనే రెండు అంతస్తులు ఒకేసారి నొక్కానండీ. దానివల్లే చెడిందేమో, తిడతారేమో అని..."

"ఎవరు నొక్కారని మేం అడగమమ్మా. ఎక్కడున్నారో చెప్పండి చాలు. తలుపు మీరు లాగొద్దు. ఎంత ముందు చెప్తే అంత ముందు వస్తాం."

మెకానిక్‌ని పంపించి హెడ్‌ఫోను తీశాను.

"ఆవిడకి బానే చెప్పారు" అంది మా ఆవిడ.

నేను మళ్ళీ హెడ్‌ఫోను చేతిలోకి తీసుకున్నాను.

"మీరు కూడా తలుపు లాగుతున్నారు. మార్చారు కదా, వాడు బయటికి పోయాడని మీకు తెలుసా?"

"తెలీదు."

"అయితే వీడియోలో జాగ్రత్తలు చెప్పే ఆ అమ్మాయికి చెప్పండి. నొక్కింది నేనని చెప్పండి. మీ ఉద్యోగంలోంచి మిమ్మల్ని తీస్తారేమో గానీ, నా వంటింట్లోంచి నన్నెవడు తీస్తాడు?"

ఫ్రిజ్ పక్కన నిలబడి ఫోన్ చేశాను. అవతల పసిపిల్ల ఏడుపు. నేను నసుగుతుంటే ఆ అమ్మాయి ఒక్కటే అడిగింది. "బాబాయ్ గారూ, అవును నొక్కింది ఎన్నింటికి?"

నా చేతిలోంచి మా ఆవిడ ఫోను లాక్కుంది. "ఒంటిగంటా ఇరవైకమ్మా. అప్పుడే వాషింగ్ మెషీను ఆగింది."

"థాంక్సండీ. ఇంత కచ్చితంగా నాకెవరూ చెప్పరు. ఇప్పుడు రెండూ అయిదు. ఆగండి, ముందు ఆయన్ని బయట పెడతాను."

ఆయన్ని అంటే దొంగని. పాస్‌వర్డు మార్చినా వాడు లోపలే ఉన్నాడట. ఆ అమ్మాయి నా ఖాతా మొత్తం మూసేసి, వాడు ఏమేం చూశాడో తీసింది. పంతొమ్మిది భవనాలు తెరిచాడు. ఇరవయ్యోది తెరుస్తుండగా తలుపు పడింది.

తర్వాత గడియారం ఫోన్ చేశాడు.

"నలభై అయిదు నిమిషాలు" అన్నాడు.

"తప్పే సార్."

"తప్పే. ఫోను ఇంకొకరి చేతికివ్వడం తప్పు. రేపట్నుంచి వారం రోజులు మీకు ఫోన్లుండవు, మళ్ళీ శిక్షణ. కానీ నలభై అయిదు నిమిషాల్లో చెప్పారు. తుమ్ములాయన నాలుగు రోజులు దాచాడు. మేం అడిగితే కూడా లేదన్నాడు. తీసింది అందుకు, లింకుకి కాదు." ఫోను పెట్టేస్తూ అన్నాడు, "గడియారం కదా, నిమిషాలు లెక్కపెడతాను."

ఆ సాయంత్రం జట్టంతా పంతొమ్మిది భవనాల కాపలావాళ్ళకీ ఫోన్లు చేసి గేటు నంబర్లు మార్పించాం. నా వంతుకి ఆరు భవనాలు వచ్చాయి. ఒకతను ఎవరి వల్లండీ అని అడిగాడు. నా వల్లే అన్నాను. "సరేలెండి, కొత్త నంబరు చెప్పండి, రాసుకుంటాను" అన్నాడు.

శిక్షణలో ఈసారి గోళ్ళు తీసుకోలేదు. మా ఆవిడ కెమెరాకి కనపడకుండా పక్కన కూర్చుని, ఆ అమ్మాయిని రెండు ప్రశ్నలు కూడా అడిగింది.

ఇప్పుడు పొద్దున్నే లాప్‌టాప్ తెరిచి, మోకాలు పట్టుకుని, వంటింటికి నేనే నడుస్తాను. ఫ్రిజ్ ముందు మా ఆవిడ నిలబడి ఉంటుంది. ఫోను ముట్టుకోదు, అలాగని తొందరగా దారీ ఇవ్వదు.

"ఇప్పుడే తెరిచారా?"

"తెరిచానే."

"ఎన్నింటికి?"

చెప్తాను. గోడ గడియారం చూసి, అప్పుడు పక్కకి జరుగుతుంది.