దారం కొరికే పన్ను

గిన్నెలో ప్లాస్టరు బిగుసుకునేలోపే పని కావాలి. బాబాయ్ గిన్నెను బల్లకేసి తట్టి బుడగలు పోగొట్టి, అచ్చులో పోశాడు. ఆస్పత్రి కింది గదిలో, అందరూ బాబాయ్ అని పిలిచే ఈయనకు ఇరవై తొమ్మిదేళ్లుగా ఇదే పని. విరిగిన దవడకు నమూనా తీసి, పగులు దగ్గర రంపంతో కోసి, పైపళ్లూ కిందపళ్లూ కలిసేలా అతికి, దాని కొలతకు ప్లాస్టిక్ పట్టీ చేస్తాడు. పైన డాక్టరు రోగి పళ్లను ఆ పట్టీలో కూర్చోబెట్టి ఎముకకు ప్లేటు బిగిస్తాడు.

నర్సు తలుపు తోసుకుని వచ్చింది. "బాబాయ్, ముఖం పచ్చడైన ఆ లారీ డ్రైవరు లేడూ? వచ్చి డాక్టరుగారి చేతులు కళ్లకద్దుకున్నాడు. దేవుడండీ మీరు అంటూ ఒకటే ఏడుపు!"

"దేవుడికి కొలతలిచ్చిందెవడో అడగలేదా?"

"అబ్బ, ఎంత కడుపుమంటండీ మీకు!"

కడుపుమంటే మరి. ఆ దవడ ఐదు ముక్కలు. మూడు రోజులు కూర్చుని అతికింది ఈయన. సొమ్మొకడిది, సోకొకడిది. డాక్టరు చీటీ మీద ఈయన పేరు కూడా రాయడు, ల్యాబ్ అని రాస్తాడు.

ఇవాళ్టి దవడ ఆటో బోల్తాపడిన ఒకావిడది. మధ్యాహ్నమే ఆపరేషను. ముక్కను వెంట్రుకవాసి పక్కకు జరిపితే? పళ్లు కలవవు. మాట పడేది పైవాడే. బాబాయ్ జరిపాడు. అతికాడు. పట్టీ కూడా చేసేశాడు. ప్రాణం హాయిగా ఉంది.

నమూనా తుడుస్తుంటే ముందుపన్ను మీద సన్నటి గాడి కనిపించింది. దాని కిందిపన్ను మీద ఇంకొకటి. కుట్టుపని మనిషన్నమాట, దారం కొరికి కొరికి అరిగింది. పోయిన తన భార్యకూ అచ్చం అక్కడే ఉండేది. పక్కన కత్తెర పెట్టుకుని పంటితోనే కొరికేది. ఇప్పుడీ రెండు గాడులూ ఒకదానికొకటి అందడం లేదు.

"ఛీ, నా బతుకు!" అన్నాడు పైకే.

అతుకు ఊడదీసి, గాడికి గాడి కలిపి, ఇంకో పట్టీ చేశాడు. పొరపాటున ఎవరూ వాడకుండా, చెడిపోయినదాని మీద సంతకం పెట్టి పక్కన పెట్టాలని ల్యాబు నియమం. ఆయనకెన్నడూ ఆ అవసరం రాలేదు. పెన్సిలు వెతుక్కుని సంతకం పెట్టాడు. మంచి పట్టీని నర్సు పైకి తీసుకెళ్లింది.

సాయంత్రం ఆమె మళ్లీ వచ్చింది. "బాబాయ్, పళ్లు ఇట్టే కలిశాయంట!"

బాబాయ్ బల్లమీద తల వాల్చి ఉన్నాడు. కునుకనుకుంది. భుజం తట్టాక తెలిసింది, ప్రాణం లేదని.

రెండు నెలలకు ఆ కుట్టుపని ఆవిడ వచ్చింది. డాక్టరు ముందు దారం పుటుక్కున కొరికి చూపించి, ఆయన చేతులు కళ్లకద్దుకుంది. కింది గదిలో వంకరపట్టీ ఇంకా బల్లమీదే ఉంది, బాబాయ్ ఇన్నేళ్లలో సంతకం పెట్టిన వస్తువు అదొక్కటే.