మసక అని రాసిన కార్డులు

నాలుగో టేపు సగానికి వచ్చేసరికి ఆయన కుడిచేయి దానంతటదే రేకుడబ్బాలోకి వెళ్ళింది. డబ్బా నిండా గుడ్డముక్కలు. గోనె, ముఖమల్, కంబళి, చిల్లులు పడిన మల్లుగుడ్డ, ఒక గరుకు కాగితం, అన్నిటికీ అడుగున ఒక పట్టుముక్క. చెవి విన్నదాన్ని వేలు కూడా తడిమి ఒప్పుకుంటేనే ఆయన కార్డు మీద కలం పెట్టేది. గొంతు గోనెలా గీరుతోందా, వాయిద్యాలు మల్లుగుడ్డలా పలచగా ఒకదానిలోంచి ఒకటి కనిపిస్తున్నాయా, లేక కంబళిలా కమ్ముకున్నాయా అని చూసుకుంటారు. ఇవాళ కూడా వేళ్ళు కంబళి దగ్గరే ఆగాయి. "ఒత్తు. మసక. అంచులు తెలియవు" అని రాసి, కార్డు పెట్టెలో పడేసి, మెడ నొక్కుకున్నారు.

రేడియో కేంద్రంలోని ఈ టేపుల గదిలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇదే పని. పాట ఎవరిదో, ఎప్పటిదో టేపు డబ్బా మీద ఉంటుంది. ఎలా వినిపిస్తుందో మాత్రం ఈయన కార్డులో ఉంటుంది. కార్యక్రమాలు చేసేవాళ్ళకు అన్ని టేపులూ వినే తీరిక ఎక్కడిది? "తడి గొంతు" అనో, "ఎండుటాకుల మీద నడక" అనో ఈయన రాస్తే చాలు, కళ్ళు మూసుకుని పట్టుకెళతారు. అందుకే ఆఫీసంతా ఆయన్ని మాటలాయన అంటుంది. రోజంతా కలిపి పట్టుమని పది మాటలు మాట్లాడని మనిషికి ఆ పేరేమిటని నవ్వుకోవడం కూడా ఎప్పుడో పాతబడిపోయింది.

పొద్దున ఇంట్లో భార్య విసుక్కుంది. "కుక్కర్ అన్ని కూతలు కూస్తుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుతారేంటండీ? చెవుల్లో ఏం పెట్టుకున్నారు?" ఆయన పేపరు మడిచి, బస్సుకు టైమైందని లేచారు. చెవుల మీద బతికే మనిషిని చెవుల గురించి అడిగితే ఏం చెబుతాడు పాపం.

పదకొండింటికి కార్యక్రమాలు చేసే అమ్మాయి ఒకతె కార్డుల కట్ట పట్టుకుని వచ్చింది.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. ఈ ఏడాది కార్డులన్నిట్లో మసక, మసక అనే ఉంది. ఊరికే ఒకటి పెట్టి విన్నాను. నాకేమో తళతళలాడుతూ వినిపించింది."

"మిషన్‌కి మురికి పట్టి ఉంటుంది. తుడిపిస్తాను."

"కాస్త తొందరగా చూడండి మాస్టారూ. మసకవన్నీ చెరిపే జాబితాలోకి ఎక్కాయి. రేపే పంపించేస్తున్నారట."

బాగా వినపడని టేపుల్ని చెరిపి, వాటి మీద కొత్తవి రికార్డు చేయడం అక్కడి పద్ధతి. అయితే మిషన్‌కు మురికేమీ లేదు. నిన్ననే టేపులక్క తుడిచింది. టేపులు వెనక్కి చుట్టి, డబ్బాల్లో సర్ది, బీరువాల దుమ్ము దులిపే ఆమెను అందరూ అలాగే పిలుస్తారు. ఇరవై ఏళ్ళుగా ఆయన మౌనాన్ని భరిస్తున్నది ఆమె ఒక్కతే.

ఆయన లేచి, చేరిన కొత్తలో రాసిన కార్డు ఒకటి వెతికి తీశారు. "చివర చిన్న గంటలు. సన్నం, చల్లన. పట్టు మీద గోరు జారినట్టు" అని ఉంది. ఆ టేపు పెట్టి హెడ్‌ఫోన్ తగిలించుకున్నారు. తీగల వాయిద్యం వచ్చింది, డోలు వచ్చింది, టేపు అయిపోయింది. గంటలు రాలేదు. మళ్ళీ పెట్టారు. మళ్ళీ రాలేదు.

"టేపులక్కా, ఒకసారి ఇది విను."

"నేనా సార్?" ఆమె చేతులు తుడుచుకుని భయంభయంగా హెడ్‌ఫోన్ పెట్టుకుంది.

"చివర ఏమైనా వినపడుతోందా?"

"ఎందుకు వినపడదు సార్? బుల్లి బుల్లి గంటలు. వీపు మీద ఎవరో చన్నీళ్ళు చల్లినట్టుంది."

ఆయన ఈ ఏడాది కార్డుల పెట్టె ముందుకు లాక్కున్నారు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపించినట్టు, ఏడాదంతా తన చెవుడునే కార్డుల మీద రాసి పెట్టెల్లో పేర్చారన్నమాట. రేపటి జాబితాలో నలభై మూడు టేపులున్నాయి. ఆరు నెలల కిందట పదిహేడు వెళ్ళనే వెళ్ళాయి. వాటిలో ఒకటి ఆయనకు బాగా గుర్తుంది, ఒక ముసలావిడ పాడిన జోలపాట. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఇంకో టేపు లేదు. ఆవిడ గొంతు ఇక ఎక్కడా లేదు.

రిటైర్మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలున్నాయి. నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. చెరిగిపోయిన టేపు వచ్చి సాక్ష్యం చెప్పదు కదా. చెబితే మాత్రం, వినపడని మనిషిని వినే కుర్చీలో ఒక్కరోజు కూడా ఉంచరు. భోజనాల వేళ దాటేదాకా ఆ కార్డుల పెట్టె ముందు అలాగే కూర్చుని, ఆ తర్వాత మెల్లగా లేచి అధికారి గదికి వెళ్ళారు.

"ఆ నలభై మూడూ ఆపించండి సార్. టేపులు బాగానే ఉన్నాయి. నాకే వినపడటం లేదు."

అధికారి కళ్ళజోడు తీశాడు. "ఎప్పట్నుంచి?"

"ఏడాదై ఉంటుంది. పదిహేడు పోయాయి, నా చేతుల మీదుగా."

అధికారి రేపటి జాబితా తీసి పక్కన పెట్టాడు. "రాసివ్వండి" అన్నాడు, మెత్తగా. ఆ మాట కూడా ఆయనకు పెదవుల కదలికను బట్టే అర్థమైంది.

టేపులక్క నలభై మూడు టేపులనూ బండి మీద వెనక్కి తోసుకొచ్చింది. ఆయన ఆ ఏడాది కార్డులన్నీ తీసి, ఒక్కోదాని మీద అడ్డంగా గీత కొట్టి, కింద సంతకం పెట్టారు. సాయంత్రం దాకా పట్టింది.

"రేపట్నుంచి ఇవన్నీ ఎవరు రాస్తారు సార్?"

"కొత్తవాళ్ళు వచ్చేదాకా నువ్వే రాయి."

"అయ్యో, నాకు మాటలు రావు సార్."

"చన్నీళ్ళన్నావుగా. అలాగే రాయి."

ఐదింటికి ఎప్పటిలాగే గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. బల్ల మీద గుడ్డముక్కల డబ్బా అలాగే ఉండటం చూసి టేపులక్క మెట్లదాకా పరుగెత్తింది. "సార్! డబ్బా మర్చిపోయారు సార్!" అని రెండుసార్లు పిలిచింది. ఆయన తల తిప్పకుండా ఒక్కో మెట్టూ దిగి, వీధిలోకి మళ్ళారు.

ఆమె తిరిగొచ్చి కుర్చీలో కాదు, పక్కనున్న తన ముక్కాలిపీట మీదే కూర్చుంది. డబ్బాకు మూత లేదు. కంబళి, గోనె, ముఖమల్ అన్నీ కిందికి పోయి, ఎప్పుడూ అడుగున ఉండే పట్టుముక్క మడత విప్పి పైన పరిచి ఉంది.