ఎత్తు ప్రకారం

పిల్లలను వెంటేసుకుని ఊరు పోవడమంటే ఏమిటో పోనివాళ్లకు చెప్పినా అర్థం కాదు, పోయినవాళ్లకు చెప్పే పని లేదు. మా మంచిర్యాల మిషన్ హైస్కూల్లో పదకొండు మంది టీచర్లం. పాటల పోటీకి పిల్లలను రాజమండ్రి తీసుకుపోవాలని తెలిసిన రోజునే పది మందికి పది పనులు మొలిచాయి. ఒకావిడకు నడుం పట్టింది. ఒకాయన బామ్మర్దికి పిల్లను చూడడానికి పోవాల్సి వచ్చింది. మిగిలింది నేను. పేరు అనసూర్య, లెక్కలు చెప్తాను, యాభై రెండేళ్లు, మోకాళ్లు రెండూ అరిగాయి. పాటకూ నాకూ ఆమడ దూరం. పైగా మాది చర్చి కుటుంబం కూడా కాదు, సిరిసిల్లలో మరమగ్గాల ఇల్లు.

"మీకు పాట రాదు మేడం, గందుకే మిమ్మల్ని పంపుతున్న" అన్నాడు హెడ్మాస్టర్ వెస్లీ సార్.

పాటలు నేర్పేది అబ్రహాం సార్. డెబ్బై దాటాయి. రిటైరై పన్నెండేళ్లయినా రోజూ సాయంత్రం సైకిలు మీద వచ్చి, ఊరికే నేర్పి పోతాడు. వెస్లీ సార్ కూడా నిక్కరు వేసుకున్న రోజుల్లో ఆయన దగ్గర పాడినవాడే. ఈమధ్య ముసలాయన మనం ఒకటి అడిగితే ఇంకొకటి చెప్తున్నాడని స్కూల్లో గుసగుసలు మొదలయ్యాయి. కరీంనగర్ నుంచి ఒక కీబోర్డు మాస్టరు వస్తానని వెంటపడుతున్నాడట. అతని పెట్టెలో మీట నొక్కితే డోలక్, వయొలిన్ అన్నీ వాటంతటవే మోగుతాయట.

"సార్‌తోని ఇంక అయితదా కాదా, మీ కండ్లతోని చూసి చెప్పుండ్రి. మా చర్చోళ్లను అడిగితే మొకమాటానికి నిజం చెప్పరు. మీరు ఎట్ల చెప్తే గట్ల చేస్త" అన్నాడు.

అలా ఒక ముసలాయన బతుకంతా చేసిన పని నా నాలుక మీదికి వచ్చి కూర్చుంది. వద్దనడానికి నాకు ఓపిక లేదు, సరే అన్నాను. ఈ మాట ఎలా పొక్కిందో కానీ, గురువారం పొద్దున రైలెక్కే సరికే పిల్లలందరికీ తెలిసిపోయింది. నన్ను చూసి మాటలు మింగడం మొదలుపెట్టారు.

పద్నాలుగు మంది పిల్లలు. ప్రతి స్టేషన్లో లెక్కపెట్టాను. ఒకసారి పదమూడు వచ్చింది, ఒకసారి పదిహేను వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లుగా లెక్కలు చెప్తున్నదాన్ని. వరంగల్లో బండి మారేటప్పుడు ఒకడి సంచీ పాత బండిలోనే ఉండిపోయి, అబ్రహాం సార్ పరుగెత్తాల్సి వచ్చింది. ఖమ్మం దాటాక ఆరాధన రెండుసార్లు వాంతి చేసుకుంది. అందరికంటే చిన్నదైన హర్షిణి కిటికీలోంచి చెప్పు జారవిడిచి, రెండోది దాచుకోవాలా పారేయాలా అని గంటసేపు నన్ను అడిగింది. వీటి మధ్యలో సన్నగా కూనిరాగాలు, ఆగకుండా. నా తల దిమ్మెక్కిపోయింది.

అబ్రహాం సార్ పక్క సీటును మాత్రం మహిమ ఒక్క నిమిషం వదల్లేదు. తొమ్మిదో తరగతి చదువుతోంది, తాడిచెట్టులా పెరిగిన పిల్ల.

"చాయ్ తాగుతరా సార్?" అని అడిగాను ఒకచోట.

"ఆఁ, డోర్నకల్ ఎప్పుడో దాటింది" అన్నాడాయన నవ్వుతూ.

మహిమ ఆయన కుడి చెవి దగ్గరికి వంగి, "చాయ్ సార్. మేడం చాయ్ అంటున్నరు" అంది.

కిటికీలోంచి చూస్తున్న మనిషి కదా, పరధ్యానం అనుకున్నాను. మా బాపు బాలమల్లు నలభై ఏళ్లు మరమగ్గాల చప్పుడులో బతికి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. వినపడని మనిషి ఎలా తలాడిస్తాడో, ఎంత ముందుగా నవ్వుతాడో నాకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరుంటారు. కానీ ఆ రోజు నా ధ్యాసంతా వాంతి మీదా చెప్పు మీదా ఉంది. ఇప్పటికీ తల్చుకుంటే సిగ్గేస్తుంది.

పొద్దుగూకే వేళకు రైలు గోదావరి వంతెన ఎక్కింది. పిల్లలంతా తలుపుల దగ్గరికి ఎగబడ్డారు.

"ఎన్కకు రాండ్రి. మన మంచిర్యాల కాడ పారేది గీ గోదారే, ఇంటికి పోయినంక చూసుకోండ్రి" అని అరిచాను.

"గిది మస్తు పెద్దగున్నది మేడం" అంది హర్షిణి. నిజమే, మా దగ్గర ఎండాకాలంలో ఇసుక పక్కన పారే నీళ్లు ఇక్కడికి వచ్చేసరికి అవతలి ఒడ్డు కనపడనంత అయ్యాయి. చూసి సంతోషపడే ఓపిక నాకు లేకపోయింది. దిగి, లెక్కపెట్టి, చర్చి వాళ్లు ఇచ్చిన గదుల్లో పిల్లలను పడుకోబెట్టేసరికి నా నడుం నాది కాదు. చారులో బెల్లం వేశారని సగం మంది అన్నం వదిలేశారు.

మర్నాడు పొద్దున్నే పోటీ. పాత చర్చి పక్కనే హాలు, తొమ్మిది స్కూళ్లు. మా వంతు దగ్గరపడేసరికి, అంగీకి బ్యాడ్జి పెట్టుకున్న ఒకాయన వచ్చి, "తర్వాత మీరేనండి. పిల్లల్ని త్వరగా వరసలో పెట్టండి" అని చెప్పి పోయాడు. అబ్రహాం సార్ నల్లా దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. పిల్లలు కుప్పగా నిలబడి ఉన్నారు.

స్కూల్లో రోజూ ప్రార్థన గంటకు నేను చేసే పని ఒకటే. పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక. నా చేతులు వాటంతటవే కదిలాయి. భుజాలు పట్టుకుని అటొకరిని ఇటొకరిని జరిపి మూడు వరసలు చేశాను. మహిమ వచ్చి మొదటి వరస చివర నిలబడింది.

"నువ్వు ఎన్కకు పో."

"నేను ముంగట్నే ఉంట మేడం. సార్ పక్కన."

"ఎందుకు?"

మహిమ ఆరాధన వైపు చూసింది. ఆరాధన నేల చూసింది.

"గోడ లెక్క నువ్వు ముంగట నిలవడితే ఎన్కోళ్లు ఎట్ల కనవడుతరు? పో" అన్నాను. చివరి వరసలో ఆ చివరకు పోయింది. వరసలు చూసుకుని నేను తృప్తి పడ్డాను కూడా, గీత గీసినట్టు వచ్చాయి.

మొదలుపెట్టేముందు అబ్రహాం సార్ చేసేది ఒకటుంది. జేబులోంచి రెండు కాళ్ల ఇనుప ముల్లు, ట్యూనింగ్ ఫోర్కు అంటారు, తీసి, మోకాలికి తట్టి, చెవి దగ్గర పెట్టుకుంటాడు. అది చెప్పిన స్వరాన్ని "ఆ" అని గొంతెత్తి పిల్లలకు ఇస్తాడు. దాన్ని పట్టుకునే అందరూ పాట ఎత్తుకోవాలి. ఆ రోజూ అలాగే ఇచ్చాడు. చెయ్యి లేపాడు. కీర్తన మొదలైంది.

పల్లవి బాగానే ఉందనుకున్నాను, నాకేం తెలుసు. చరణం పైకి ఎక్కేసరికి పిల్లల మెడల మీద నరాలు లేచాయి. మగ్గం మీద పోగు బిగుసుకుంటే, తెగే ముందు సన్నగా ఒక చప్పుడొస్తుంది. హర్షిణి గొంతు అలా పలికి తెగిపోయింది. తర్వాత పక్కపిల్ల. తర్వాత మొదటి వరసంతా. నోళ్లు మూసుకుని, కళ్లలో నీళ్లతో సార్‌నే చూస్తున్నారు. రెండో చరణానికి వెనక నుంచి మహిమ గొంతు ఒక్కటే మిగిలింది. హాల్లో ఎవరో దగ్గారు. అబ్రహాం సార్ చెయ్యి మాత్రం ఆగలేదు, తాళం తప్పలేదు, మొహం మీద నవ్వు చెదరలేదు. పాట అయిపోయింది. జాలికి నాలుగు చప్పట్లు పడ్డాయి. ఆయన వంగి దండం పెట్టి, పిల్లల వైపు తిరిగాడు.

"మస్తు పాడిండ్రు బిడ్డా" అన్నాడు.

"థాంక్యూ సార్" అన్నారు పద్నాలుగు మందీ, ఒక్క గొంతుతో.

మెట్ల వెనక మహిమను చెయ్యి పట్టుకుని ఆపాను. ఏమైందని అడిగితే ముక్కు తుడుచుకుని చెప్పింది.

"సార్‌కు వినిపిస్తలేదు మేడం. ఏడాదాయె. ఆ ముల్లు మోగుడు సార్‌కు అందది. అలవాటు మీద స్వరం ఇస్తడు, రోజొక తీరు వస్తది. ఇయ్యాల బాగ మీదికి వోయింది."

"మరి రోజూ ఎట్ల పాడుతున్నరే?"

"నేను సార్ పక్కనే నిలవడి ముల్లు చప్పుడు వింట. విని మెల్లగ కూనిరాగం తీస్త. అందరు నాదే పట్టుకుంటరు. సార్‌కు తెల్వది."

"నాకు ముందుగాల ఎందుకు చెప్పలేదు?"

"మీరు వెస్లీ సార్‌కు చెప్తరు గద మేడం."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఈ పిల్లలు ఏడాదిగా మోసుకొస్తున్న దాన్ని నేను ఒక్క నిమిషంలో వరసలు సరిచేసి కింద పడేశాను. అంతకంటే బాధ ఏమిటంటే, నన్ను చూసి భయపడి నోరు విప్పలేదు. వాళ్లు నన్ను సరిగ్గానే అంచనా వేశారు.

ఫలితాలు గోడకు అంటించారు. తొమ్మిదింట్లో మాది తొమ్మిదో స్థానం. అబ్రహాం సార్ కళ్లద్దాలు పెట్టుకుని పై నుంచి కింది దాకా చదివి, అద్దాలు జేబులో పెట్టుకుని వచ్చేశాడు.

సాయంత్రం పిల్లలను ఘాట్ దగ్గరికి తీసుకుపోయాం. మా రైలు శనివారం పొద్దున. పిల్లలు నీళ్లలో కాళ్లు పెట్టుకుని వరసగా కూర్చున్నారు. నాలుగు మెట్లు పైన నేను, నా పక్కన సార్.

"మేడం, మీకు పాట రాదు. గందుకే అడుగుతున్న" అన్నాడు. "మనోళ్లు ఎట్ల పాడిండ్రు?"

నిజం చెప్పడానికే వచ్చినదాన్ని. ఆయన మొహం చూశాక నోరు రాలేదు.

"బాగ పాడిండ్రు సార్" అన్నాను మెల్లగా.

"ఆఁ?"

"బాగ పాడిండ్రు."

"ఏమన్నరు మేడం?"

అబద్ధం ఒకసారి మెల్లగా చెప్పడం వేరు, మూడోసారి ఊరికి వినపడేలా అరవడం వేరు. "బాగ పాడిండ్రు సార్" అని అరిచాను. పడవవాళ్లు చూశారు. పిల్లలు పద్నాలుగు మందీ వెనక్కి తిరిగి నా వైపు చూశారు.

సార్ నా వైపు తిరిగాడు.

"అబద్ధం మీతోని కాదు మేడం" అన్నాడు. "నా సెవులు పోయినయి, కండ్లు పోలే. రెండో చరణంల మహిమ నోరొక్కటే కదిలింది. నేను చెయ్యి ఆపితే గంత మంది ముంగట పిల్లల ఇజ్జత్ పోతది. గందుకే ఊపుకుంట పోయిన. ఏడాది సంది గా పిల్ల నా పక్కపొంటి నిలవడి ఏమో చేస్తుందని ఎరుకే. ఏం చేస్తుందో ఇయ్యాల ఎన్కకు వోయినంక తెలిసింది."

"ఎన్కకు పంపింది నేనే సార్. ఎత్తు ప్రకారం."

ఆయన నా పెదాలు చూస్తూనే ఉన్నాడు, అందుకే అర్థమైంది. "పంపిండ్రు గని, ఎప్పుడన్న ఒకనాడు కావల్సిందే" అన్నాడు.

ఆ మాటల్లోనే నా ఫోన్ మోగింది. వెస్లీ సార్. నేను ఎత్తేలోపు తెర మీద పేరు చూసి, అబ్రహాం సార్ చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నాడు.

"వెస్లీ, నేను అబ్రహాంను. నువ్వు మాట్లాడేది నాకు వినిపించది, ఊకె విను. నాకు సెవులు పోయినయి. ఇగ నాతోని కాదు. గా మీటల పెట్టె మాత్రం తేకు. మహిమ ఉన్నది, నాకంటె మంచిగ స్వరం ఇస్తది. ఆమెకు అప్పజెప్పు. అంతే." చెప్పి ఫోన్ నా చేతికిచ్చేశాడు. గట్టిగా మాట్లాడడం ఆయనకు తెలియకుండానే అలవాటైంది. కింద మెట్ల మీద పిల్లలంతా విన్నారు.

"సార్ చెప్పింది నిజమేనా మేడం?" అడిగాడు వెస్లీ సార్.

"నిజమే సార్."

"పాపం, పెద్దమనిషి. సరె, కీబోర్డు మాస్టర్‌ను సోమవారం రమ్మంట. తొమ్మిదో తరగతి పిల్లతోని ఏమైతది." నేను అడ్డుచెప్పే లోపల పెట్టేశాడు.

"ఏమన్నడు?" అన్నాడు అబ్రహాం సార్, నా పెదాలు చూస్తూ.

మెట్ల మీద నుంచి పిల్లలూ చూస్తున్నారు. మహిమ లేచి నిలబడింది.

"మహిమకే ఇస్తనన్నడు సార్" అని గొంతు చించుకుని చెప్పాను.

ఆయన తలాడించాడు. ఈసారి నమ్మాడు. మహిమ మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చేసింది, హర్షిణి దాని వీపు నిమురుతోంది. నేను ఫోన్ సంచీలో వేసుకున్నాను. రేపు సాయంత్రానికి ఇల్లు చేరతాం. ఎల్లుండి ఆదివారం, చర్చి విడవగానే మహిమను వెంటబెట్టుకుని వెస్లీ సార్ ఇంటికి పోవాలి. ఆయన ఊఁ అనేదాకా ఆ గడప దిగను.