చదును నేల

ఆ ఉదయం ఆయన పడగ్గది గుమ్మంలో నిలబడిపోయారు.

"ఏమండీ, రండి. నాకు బడికి టైమవుతోంది" అని వంటింట్లోంచి భార్య పిలిచింది.

"వస్తున్నా" అన్నారు.

రాలేదు. ఆమె డబ్బా మూత బిగించి, చేతులు తుడుచుకుంటూ వచ్చి చూస్తే అక్కడే ఉన్నారు. రెండు చేతులతో తలుపు చట్రాన్ని పట్టుకున్నారు. నడుము ముందుకు వంగింది, మోకాళ్లు సన్నగా వణుకుతున్నాయి. పాదాలు మాత్రం జిగురు పూసి నేలకి అతికించినట్టున్నాయి.

"ఏమైంది? నొప్పా?"

"నొప్పేం లేదు. కాలు రావట్లేదు."

"రావట్లేదంటే?"

"నేను రమ్మంటున్నా. అది రావట్లేదు."

ఆమె భుజం పట్టి ముందుకు లాగబోయింది. ఒళ్లు వచ్చింది కానీ కాళ్లు రాలేదు. కాస్తలో ఇద్దరూ పడేవాళ్లు. చివరికి ఎప్పుడో, ఎందుకో తెలీకుండానే, కాలు దానంతటదే లేచింది. ఆయన ఏమీ జరగనట్టు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఆమె బడికి ఆలస్యంగా వెళ్లింది.

ఆయన లిఫ్టు మెకానిక్. ఒకే కంపెనీలో తల నెరిసేదాకా పనిచేశారు. తన కింద పనిచేసే కుర్రాళ్లు ఆయన్ని 'లెవెల్ బాబాయ్' అనేవాళ్లు. లిఫ్టు వచ్చి అంతస్తులో ఆగినప్పుడు లోపలి నేలకీ బయటి నేలకీ గోరంత తేడా ఉన్నా ఆయన ఊరుకునేవారు కాదు. "మనిషి కాలు చూసుకుని వెయ్యడురా. మనమే చూసి పెట్టాలి" అనేవారు. ఆమె హైస్కూల్లో లెక్కల టీచరు. సమాధానం సరిగ్గా రాసినా, అదెలా వచ్చిందో చూపించకపోతే సున్నా వేసే రకం.

జబ్బు ఒక్కరోజులో వచ్చింది కాదు. ముందు వాసన పోయింది. పొయ్యి మీద పాలు పొంగి మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే, పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నారని ఆమె ఆరోజు ఎన్ని మాటలందో! తర్వాత సంతకం చిన్నదైంది. మొదటి అక్షరం బాగానే ఉండేది, చివరికొచ్చేసరికి చీమంత అయ్యేది. తర్వాత కుడి భుజం పట్టేసింది. ఎముకల డాక్టరు కీలు బిగుసుకుపోయిందని చెప్పి గోడకి చెయ్యి ఆనించి వ్యాయామం చెయ్యమన్నాడు. గోడకి మరక పడింది కానీ భుజం మాత్రం వదల్లేదు. ఒకరోజు టీవీ చూస్తుంటే, ఒళ్లో పెట్టుకున్న కుడి చేతి బొటనవేలూ చూపుడువేలూ కనబడని మాత్రనేదో నలుపుతున్నట్టు వాటంతటవే కదలడం మొదలుపెట్టాయి. అప్పుడు వెళ్లారు నరాల డాక్టరు దగ్గరికి.

ఆ డాక్టరమ్మ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. వేళ్లు తట్టమంది, గుప్పిట మూసి తెరవమంది, వరండా చివరిదాకా నడిచి రమ్మంది. "కుడి చెయ్యి ఊగట్లేదు, గమనించారా?" అని ఆమెనడిగింది.

ఆమె గమనించలేదు. ఇన్నేళ్లుగా పక్కనే నడుస్తోంది. పక్కనే నడిచేది కాబట్టే కనబడలేదు.

డాక్టరమ్మ పార్కిన్సన్స్ అని చెప్పింది. ఆమె వెంటనే అడిగింది: "ఏ రక్తపరీక్షలో తేలిందండీ?"

"దీనికి రక్తపరీక్ష లేదమ్మా. మనిషిని చూసి, పరీక్షించి, మందుకి ఎలా లొంగుతుందో చూసి చెబుతాం."

"నయమవుతుందా?"

"పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. కానీ ఒళ్లు స్వాధీనంలో ఉంచే మందుంది. వాడి చూడండి."

వాడారు. కొన్ని వారాలకి ఒక సాయంత్రం ఇద్దరూ వీధిలో నడుస్తుంటే, ఆమె కావాలనే వెనకబడి చూసింది. కుడి చెయ్యి ఊగుతోంది. ఎవరూ చెప్పకుండా, ఎడమ కాలుతో పాటు ముందుకీ వెనక్కీ, పెళ్లైన కొత్తలో ఊగినట్టే ఊగుతోంది. ఆమె రోడ్డు మధ్యలో ఆగిపోయింది. స్కూటర్‌వాడు హారన్ కొట్టి కొట్టి తిట్టుకుంటూ పక్కనుంచి పోయాడు. గోరంత మాత్ర, అంత పెద్ద మనిషిలో ఎక్కడో తప్పిపోయిన ఊపుని వెతికి తెచ్చిందంటే ఆమెకి నమ్మశక్యం కాలేదు.

అలా కొన్నేళ్లు గడిచాయి. ఆయన ఉద్యోగం మానేసినా బజారు పనులు తనే చూసుకునేవారు. ఆ తర్వాతే ఈ గుమ్మం గొడవ మొదలైంది. గుమ్మం దగ్గర, ఇరుకు చోట, వెనక్కి తిరగాల్సిన చోట కాళ్లు ఆగిపోయేవి. ఎవరైనా తొందర పెడితే మరీను.

ఆమె తమ్ముడికి ఫోనే డాక్టరు, ఫోనే మందుల షాపు. రోజుకో వీడియో పంపేవాడు. ఒకసారి నూనె, ఒకసారి అయస్కాంతం కడియం, ఒకసారి రాత్రంతా నానబెట్టిన ఏవో గింజలు.

"ఇది ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తుందో చెప్పారట్రా ఇందులో?" అని అడిగేది ఆమె.

"అక్కా, లక్షల మంది చూశారే!"

"లక్షమంది చూస్తే రెండూ రెండూ అయిదవుతాయా?"

డాక్టరమ్మ దగ్గరికే మళ్లీ వెళ్లారు. ఆవిడ మాత్రలు వేసుకునే వేళలు మార్చింది. పాలూ గుడ్లూ తిన్న వెంటనే వేసుకోవద్దంది. "వాటిలోని ప్రోటీనూ, ఈ మందూ ఒకే ద్వారంలోంచి లోపలికి పోవాలి. రెండూ ఒకేసారి వెళితే మందు బయటే నిలబడిపోతుంది" అంది. దాంతో ఒళ్లు తేలికపడింది, మాట స్పష్టమైంది. గుమ్మం మాత్రం గుమ్మంలాగే ఉంది.

ఒక మధ్యాహ్నం మందులు కొనుక్కుని తిరిగొచ్చేసరికి వాళ్ల భవనంలో లిఫ్టు చెడిపోయి ఉంది. బోర్డు తగిలించారు. వాళ్లుండేది మూడో అంతస్తు.

"తలుపు సెన్సరు పోయుంటుంది. దుమ్ము తుడిస్తే చాలు. ఈ కాలం వాళ్లు మొత్తం మార్చాలంటారు" అని ఆయన అక్కడే నిలబడి గొణిగారు. అక్కడే, అంటే నిజంగానే అక్కడే. పాదాలు మళ్లీ అతుక్కుపోయాయి.

ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. కుర్చీలో కూర్చోబెట్టి మోయించాలి, మోసేవాళ్లెవరు? తమ్ముడికి ఫోన్ చేసింది. "ఒరేయ్, తొందరగా రా. లిఫ్టు పనిచెయ్యట్లేదు. మీ బావగారు కిందే..."

మాట మధ్యలో తల తిప్పి చూసింది. ఆయన ఎలాగో మెట్ల దాకా జరిగారు. పక్కనున్న కమ్మీ పట్టుకున్నారు. మొదటి మెట్టు వైపు చూశారు. కుడి కాలు లేచింది. శుభ్రంగా, ఎత్తుగా లేచి మెట్టు మీద పడింది. ఎడమ కాలు దాన్ని దాటి పై మెట్టు మీద పడింది. ఆ తర్వాత ఇంకోటి. వణుకు లేదు, తడబాటు లేదు, ఈడ్పు లేదు. టూల్ బ్యాగు భుజాన వేసుకుని పైనున్న మోటారు గదికి ఎక్కే రోజుల్లో ఎలా ఎక్కేవారో అలాగే ఎక్కుతున్నారు.

"అక్కా! ఏమైంది? పడ్డారా?" అని ఫోన్లో తమ్ముడు అరుస్తున్నాడు.

"ఎక్కుతున్నారు రా."

"ఏంటీ?"

"మెట్లు. ఎక్కుతున్నారు!"

ఆమె చెప్పులు టకటకలాడించుకుంటూ వెనకాల పరిగెత్తింది. మలుపు దగ్గర, చదునుగా ఉన్నచోట, ఆయన మళ్లీ బిగుసుకుపోయారు. ఎలాగో తిరిగి తర్వాతి మెట్టు కంటబడగానే కాలు మళ్లీ లేచింది. అలా మూడంతస్తులూ ఎక్కేసి, సొంతింటి గుమ్మం ముందు రాయిలా ఆగిపోయారు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయనే ముందు నవ్వారు. ఆమె నవ్వబోయి కొంగుతో మొహం కప్పుకుంది.

ఆ నవ్వు సాయంత్రం దాకానే నిలిచింది. తమ్ముడు వచ్చి అంతా విని, తేల్చేశాడు: "ఇంకేముంది బావా, మెట్లెక్కిన కాళ్లకి ఇంట్లో నడవడం రాదా? జబ్బు కాళ్లలో లేదు, మీ మనసులో ఉంది. భయం తీసెయ్యండి, పరిగెడతారు." వాడు మంచికే అన్నాడు. వాడు వెళ్లాక ఆయన పాదాల వైపే చూస్తూ కూర్చున్నారు.

"ఏమే, వాడన్నది నిజమేనంటావా? నేనే కావాలని ఆగుతున్నానా?"

"అదేం మాటండీ."

"నాకే తెలీకుండా నాటకమాడుతున్నానేమో. లేకపోతే ఎక్కడం వచ్చినవాడికి నడవడం రాకపోవడమేంటి?"

తెలీదని ఒప్పుకోవడం ఆమెకి చాలా కష్టం. మర్నాడు బడికి సెలవు పెట్టి, ఆయన్ని తీసుకుని మళ్లీ ఆస్పత్రికి వెళ్లింది.

డాక్టరమ్మ అంతా విని, ఆ రోజు మొదటిసారి కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "మీరు నాటకం ఆడట్లేదు" అని ముందు ఆయనతో చెప్పింది. "ఇది ఈ జబ్బులో చాలామందికి ఉంటుంది. నడవలేక ఆగిపోయేవాళ్లలో కొందరు సైకిలు తొక్కుతారు. నేనే చూశాను."

"ఎలా?" అంది ఆమె. "ఎలాగో చెప్పండి."

"మనం నడుస్తున్నప్పుడు అడుగు గురించి ఆలోచించం కదమ్మా. మెదడు లోతుల్లో ఒక భాగం ఆ పని మనకి చెప్పకుండానే చేసుకుపోతుంది. మీవారిలో దెబ్బతిన్నది ఆ దారి. మెట్టు కనబడినప్పుడు కన్ను చూస్తుంది, ఇక్కడ కాలు వెయ్యాలని మనిషి అనుకుంటాడు. అప్పుడు ఆజ్ఞ ఇంకో దారిన వెళుతుంది. ఆ దారి చాలావరకు బాగానే ఉంది. అయితే ఇందులో మాకూ పూర్తిగా తెలియనిది చాలా ఉంది."

ఆమె మనసులో లెక్కేసుకుంది. ఒకే తలలో ఒకే కాలికి రెండు దారులు. ఒకటి మూసుకుపోతే ఇంకొకటి. పుట్టినప్పటినుంచీ అందరి తలల్లోనూ ఉన్నాయి, ఒక్కరికీ తెలీదు. చదువుకున్న లెక్కలన్నీ దాని ముందు బలపంతో గీసిన పిచ్చిగీతల్లా అనిపించాయి.

ఆయన మాత్రం ఒక్కసారిగా హుషారయ్యారు. "ఒసేయ్, కరెంటు పోయి లిఫ్టు మధ్యలో ఆగిపోతే ఏం చేస్తామో తెలుసా? పైన మోటారు పక్కన ఒక చక్రముంటుంది. బ్రేకు వదిలి చేత్తో తిప్పి దించుతాం. బటన్లు నొక్కి లాభం లేదు. చెయ్యి పెట్టి తిప్పుకోవాలి. అంతే!"

"అంతేనండీ" అని డాక్టరమ్మ కూడా నవ్వింది.

ఆస్పత్రి కింది అంతస్తులోని వ్యాయామశాలలో ఫిజియోథెరపిస్టు రంగు టేపు చుట్ట తెచ్చాడు. నున్నటి నేల మీద అడ్డంగా, అడుగుకొకటి చొప్పున పట్టీలు అంటించుకుంటూ గది చివరిదాకా పోయాడు. "ముందుకి నడవాలని అనుకోవద్దు సార్. ఈ గీత దాటండి, అంతే. తర్వాత ఆ గీత."

ఆయన పాదాలు ఎప్పటిలాగే అతుక్కుని ఉన్నాయి. మొదటి పట్టీ వైపు చూశారు. కాలు లేచింది. గీత దాటింది. రెండో కాలు, ఇంకో గీత. పొడుగైన అడుగులు, నిటారుగా నడుము. ఎదురుగా బల్ల మీద కూర్చున్న ముసలాయన చేతిలోని బంతి వదిలేసి చూశాడు. ఆమె గోడకి చేరబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒట్టి రంగు టేపు! నేల మారలేదు, మనిషి మారలేదు. గీతలు మాత్రమే వచ్చాయి.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె మోకాళ్ల మీద పాక్కుంటూ గుమ్మాల దగ్గరా, స్నానాలగది దారిలోనూ పట్టీలు అంటించింది. తమ్ముడొచ్చి, బావగారు వాటి మీద గది గదికీ తిరగడం చూసి నోరు తెరిచాడు. ఆ తర్వాత వీడియోలు పంపలేదనలేం, తగ్గించాడు. టేపు ఊడినప్పుడల్లా కొత్తది అంటించే పని తనే తీసుకున్నాడు.

అన్ని రోజులూ అలా లేవు. మందు బలం తగ్గే వేళల్లో గీతలూ పనిచేసేవి కాదు. ఒకసారి వెనక్కి తిరగబోయి పడ్డారు, మోచెయ్యి చీరుకుపోయింది. మాత్రల మోతాదు పెరిగింది. జబ్బు ఆగలేదు, ఆగదని డాక్టరమ్మ ముందే చెప్పింది. వాళ్లు దానితో పాటు బతకడం నేర్చుకుంటున్నారు.

ఆమెకి కొత్త అలవాటొకటి వచ్చింది. బడి వదిలాక వరండాలో నిలబడి పిల్లల కాళ్లు చూస్తుంది. వందల కాళ్లు, సంచులు ఊపుకుంటూ, తోసుకుంటూ, ఒంటికాలి మీద గెంతుకుంటూ, వెనక్కి నడుస్తూ గేటు దాటిపోతాయి. ఒక్కరూ కింద చూడరు. మునుపైతే "నడవండి, పరిగెత్తకండి" అని అరిచేది. ఇప్పుడు అరవబుద్ధి కావడం లేదు.

మొన్న ఆయనకి బూట్లు కొనడానికి బజారుకెళ్లారు. కాలు ఈడ్చినప్పుడు రబ్బరు అడుగు నేలకి పట్టేస్తోందని, నున్నటి అడుగున్న బూట్లు చూడమన్నాడు ఫిజియోథెరపిస్టు. షాపు నేల అద్దంలా ఉంది. ఒక్క గీత లేదు. షాపాయన బూట్లు తొడిగి, "ఒకసారి నడిచి చూడండి సార్" అన్నాడు.

ఆయన లేచి నిలబడ్డారు. నిలబడే ఉన్నారు.

ఆమె వచ్చి, ఆయన పాదాల ముందు తన పాదాన్ని అడ్డంగా పెట్టింది. "దాటండి" అంది. ఆయన ఆ పాదం వైపు చూశారు. దాటారు. ఆమె గబగబా రెండో పాదం ముందు పెట్టింది. దాన్నీ దాటారు. అలా ఆమె పాదాలు ఒక్కొక్కటే దాటుకుంటూ ఇద్దరూ అద్దం దాకా వెళ్లారు. షాపాయన చేతిలో ఖాళీ అట్టపెట్టె పట్టుకుని అలాగే చూస్తుండిపోయాడు.

"సరిపోయాయా సార్?" అన్నాడు చివరికి.

ఆయన అద్దంలో తన కాళ్లని అటూ ఇటూ చూసుకున్నారు.

"ఎడమది కాస్త వదులయ్యా. ఒక సైజు తక్కువ చూపించు" అన్నారు.