ఎండగట్టిన మల్లె

“ముందు పూలు కోసుకురా అమ్మాయ్, ఎండెక్కితే వాడిపోతాయి. కూర సంగతి నేను చూస్తాలే,” అని వంటింట్లోంచి కేకేశారు అత్తగారు. కూర అప్పటికే అయిపోయింది. తరిగిందీ, వండిందీ, దించిందీ కోడలే. ఇక చూడటానికి మిగిలింది మూత ఒక్కటే. అయినా ఆమె గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్లింది. మధ్యాహ్నం భోజనానికి ఆమె భర్త ఆఫీసు వాళ్లు వస్తున్నారు.

వేసవి ఇంకా ముదరలేదు గాని మల్లె పొద అప్పుడే విరగబూసింది. ఏ ఏడూ ఇంత పూత లేదు. చలికాలంలో కూతురు జ్వరంతో పోయాక, “ఊరికే కూర్చుంటే మనసు పాడవుతుంది, మల్లెకు ఆకు దుయ్యి” అన్నారు అత్తగారు. ఒక్కో కొమ్మా పట్టుకుని ఆకంతా దూసేసింది. ఆ తర్వాత మొక్కకు నీళ్లు మానేశారు. ఆ రోజుల్లోనే ఇంట్లో పాప మాట కూడా మానేశారు. “ఆ ఊసెత్తకండి, మళ్లీ మొదలుపెడుతుంది” అని ఆయన వచ్చినవాళ్లకు గుమ్మంలోనే చెప్పేవాడు. బట్టలు ఎవరికో ఇచ్చేశారు. సెలవు అయిపోగానే ఆమె మళ్లీ పాఠాలు చెప్పడానికి బడికి వెళ్లింది. ఏడవాలంటే అక్కడి సామాన్ల గదిలో, సుద్దముక్కల డబ్బాల మధ్య. పాప వస్తువుల్లో ఆమె దాచుకోగలిగింది నీలం రంగు నీళ్ల సీసా ఒక్కటే, పప్పు డబ్బాల వెనక.

పాపను అందరూ పిచ్చుక అనేవారు. బడి నుంచి రాగానే సీసాలో మిగిలిన నీళ్లు మల్లె మొదట్లో వంపేసేది. చాలకపోతే కుళాయి దగ్గర నింపుకొచ్చేది. “నీళ్లకు అలవాటుపడితే పూస్తుందటే, నీ మొహం!” అని కసిరితే, “పాపం, దాహమేస్తోంది నాయనమ్మా” అనేది.

భోజనాల దగ్గర పూల గిన్నె చూసి ఒకాయన ముచ్చటపడ్డాడు. “ఏం ఎరువు వేస్తారండీ?”

“ఎరువా పాడా! ఆకు దూసి, నీళ్లు మానేసి ఎండగట్టడమే. చచ్చినట్టు పూస్తుంది,” అని భర్త నవ్వాడు. అందరూ నవ్వారు. ఆ ఊపులోనే, “మా ఆవిడ కూడా బాగా తేరుకుంది. చూస్తున్నారుగా, ఎన్ని రకాలు వండిందో!” అన్నాడు.

ఆమె గరిటె గిన్నెలో పెట్టేసింది. వంటింట్లోకి వెళ్లి డబ్బాల వెనక నుంచి సీసా తీసింది. పెరట్లో కుళాయి తిప్పి, నింపి, మల్లె మొదట్లో పోసింది. మళ్లీ నింపింది. మళ్లీ పోసింది.

అత్తగారు పరుగున వచ్చారు. “మతిగాని పోయిందా? అన్నేసి నీళ్లు పోస్తే ఆకే తప్ప ఇక పువ్వన్నది రాదు!”

“తెలుసు అత్తయ్యా,” అందామె, సీసా కుళాయి కింద పెడుతూ. “పిచ్చుక ఉన్నన్నాళ్లూ ఇది సరిగ్గా పూయనే లేదు.”