అక్క గొంతుకు వేగం పెంచారు

మా బావకు సంగీతం వచ్చు, సిగ్గు రాదు. ఈ మాట ఆయన మొహం మీదే అన్నాను కాబట్టి చాటుమాటు మాట కాదు.

ఆయన సంగీత దర్శకుడు. నేను ఆయన దగ్గర రికార్డింగ్ ఇంజనీర్ని. ఆయన భార్య, అంటే మా అక్క, గాయని. ఇప్పుడు గాయని అనకూడదేమో. గొంతుకు ఆపరేషన్ అయ్యాక మాట కూడా గాలిలాగే వస్తోంది. దానికి ముందు పాడిన చివరి పాట మా డిజిటల్ టేపు మీద ఉంది. ఇంకెక్కడా లేదు.

అది సినిమాలో నేపథ్యంగా వచ్చే పాట. దానికోసం మా గదిలో మూడు యంత్రాలు కలిసి నడవాలి. బొమ్మ చూపించే వీడియో, అక్క గొంతున్న టేపు రికార్డరు, బావ ఎక్కించిన వాద్యాలన్నిటినీ కీబోర్డుల చేత వాయింపించే సీక్వెన్సర్. ఒకటి ముందు నడుస్తూ, ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే టైమ్‌కోడ్ పంపితే మిగతా రెండూ దాని అడుగులో అడుగు వేస్తాయి. ముందెవరో తేల్చకపోతే, ముగ్గురు వియ్యంకులు ఒకే గుమ్మంలో ఇరుక్కున్నట్టే.

సినిమా దర్శకుడు బొమ్మను కత్తిరించి పంపాడు. దానికి పాట పొడుగైపోయింది. మధ్యలో వయొలిన్ల ముక్క ఒకటుంది, బావ సీక్వెన్సర్‌లో మురిసిపోతూ చేసుకున్నది. అది తీసేసి, గొంతును రెండు విడతలుగా బొమ్మకు కలిపితే సరిపోయేది. పొద్దున నేను వచ్చేసరికి ఆయన టేపు వేగం పెంచేశాడు.

సీక్వెన్సర్‌ను తొందరపెడితే స్వరాలు త్వరగా వస్తాయంతే, శ్రుతి చెదరదు. టేపును తొందరపెడితే గొంతే పైకి లేచి సన్నబడుతుంది. అందుకని కీబోర్డుల శ్రుతి కూడా ఆ మేరకు పెంచాడు. అంతా చక్కగా కలిసింది. అందులో మా అక్క మాత్రం లేదు.

"ఇదేంటి బావా?"

"కుదిరిందా లేదా? ఒక్క ఫ్రేము తేడా ఉంటే అడుగు."

"అక్క గొంతేదీ?"

"ఉందిగా! మీ అక్కకి వయసు తగ్గించాను, సంతోషించు మరదలా." నవ్వాడు కూడా.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఆ వయొలిన్లు తీసేస్తే పోయేదిగా?"

"వాటి మీద చెయ్యేశావంటే ఊరుకోను. వాటికోసం ఎంత తల బద్దలు కొట్టుకున్నానో తెలుసా?"

"చెప్పు ఇరుకైందని కాలు కోస్తావా? వయొలిన్లు రేపైనా చేసుకోగలవు. అక్క మళ్లీ పాడగలదా? సిగ్గుందా నీకు?"

"వినేవాళ్లకి తెలీదు. మీ అక్కకీ తెలీదు."

కాకి పిల్ల కాకికి ముద్దు, ఒప్పుకుంటాను. దానికి మేత మా అక్క గొంతా?

మా వాదన తెగకముందే అక్క వచ్చింది. ఆయన ఇంట్లో మర్చిపోయిన కళ్లజోడు తెచ్చింది. బావ ఏమీ జరగనట్టు ఆవిణ్ణి కూర్చోబెట్టి, బొమ్మతో సహా పాట వేశాడు. అక్క కదలకుండా చివరిదాకా విన్నది.

"నాది తీసేశారా?" అంది. దగ్గరగా ఉంటే గానీ వినపడదు ఆ మాట. "పర్లేదండీ. ఎవరీ అమ్మాయి? బానే పాడింది."

బావ నా వైపు చూశాడు. నిజం చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

"కొత్తమ్మాయి," అన్నాడు.

కట్టుకున్నదాని గొంతును పరాయిదాన్ని చేసి, ఆవిడ చేతే మెప్పించుకున్నాడు! లేచి, టేపు దానంతటది నడిచేలా వీడియో తీగ పీకేశాను. టేపు వేగం మామూలుకు తెచ్చి, వాద్యాలన్నీ ఆపి, గొంతు ఒక్కటే వదిలాను.

అది అక్క. కింది స్వరాల్లో కాస్త బరువు, ప్రతి చరణానికీ ముందు చిన్న ఊపిరి. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"వేగం పెంచారా?" అని బావనే అడిగింది.

"సినిమావాళ్లు కోసేశారు కదా, అందుకని…" బావ నసిగాడు.

"అడిగుంటే సరే అనేదాన్ని. ఎవరో అమ్మాయన్నారు."

అక్క లేచింది. యంత్రం దగ్గరికెళ్లి మీట నొక్కింది. టేపు బయటికొచ్చింది. దాన్ని తీసి చేతిసంచిలో వేసుకుంది.

"ఏయ్! సాయంత్రం సినిమావాళ్లొస్తారే! ఏ పాట వినిపించను?"

అక్క ఊపిరి కూడదీసుకుంది. "ఆ కొత్తమ్మాయిని పిలవండి. పాడుతుంది."

"నువ్వు చూస్తావేంటి? ఆపు మీ అక్కని!" బావ నా మీద అరిచాడు.

మా స్టూడియో తలుపు చాలా బరువు. నేను పరుగున వెళ్లి అక్క కోసం దాన్ని తీసి పట్టుకున్నాను.